హన్మండ్లు పేనిన మోకు

కొడిమ్యాల దగ్గరి ఆ ఊళ్లో ఏ తగవు వచ్చినా చివరికి హన్మండ్లు ఏమంటాడో అని చూసేవారు. అరవై ఏళ్లలో ఆయన నోట అబద్ధం విన్నవాళ్లు లేరు. చెట్టెక్కిన రోజుల్లో కల్లులో చుక్క నీళ్లు కలిపి ఎరగడు. అసలు సంగతి చెప్పాలంటే, అప్పటిదాకా ఆయన మంచితనానికి పెద్ద పరీక్షేమీ రాలేదు. పొద్దున్నే లేచి పళ్లు తోముకున్నంత సులువుగా నిజం చెబుతూ వచ్చాడు.

చెట్టెక్కడం మానేశాక ఊళ్లో కల్లు గీసేవాళ్లందరికీ మోకులు పేనేది ఆయనే. మోకంటే నడుమునూ తాటిచెట్టునూ కలిపి చుట్టుకునే తాడు. పైకెక్కిన మనిషి ప్రాణమంతా దాని మీదే. హన్మండ్లు మోకంటే ఇక చూసుకోనక్కర్లేదనేవారు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. ఒక పొద్దున తమ్ముడు జలపతి కల్లు దించడానికి చెట్టెక్కాడు. మోకు తెగింది, పడ్డాడు, పోయాడు.

మధ్యాహ్నానికి దీక్షా శిబిరం నుంచి దివాకర్ పదిమందితో వచ్చాడు. చెడ్డవాడేం కాదు, కళ్లు ఏడ్చినట్టే ఉన్నాయి. హన్మండ్లును పక్కకు తీసుకుపోయాడు.

"కాకా, జెండా కట్టనీకి ఎక్కిండని చెప్దాం. అమరుడైతడు. స్తూపం మీద పేరుంటది, పిల్లలను ఊరంతా అరుసుకుంటది. నేనంటే నమ్మరు. నువ్వు చెప్తే ఎవ్వలు కాదనరు."

హన్మండ్లుకు ఏడుపు రాలేదు. తిరిగి వచ్చి తమ్ముడి ముఖం మీది ఈగలను తోలుతూ కూర్చున్నాడు. ఒక్క మాటే కదా అనుకున్నాడు. మరదలు శాంతకు అదే ఆసరా అవుతుంది. పైగా ఆ మాట అంటే మోకు సంగతి ఎవరూ అడగరు. ఈ చివరి ఆలోచన రాగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"మావోడు జెండా కట్టనీకి ఎక్కలే," అన్నాడు అందరికీ వినబడేలా. "కల్లు దించనీకి ఎక్కిండు. గా మోకు నేను పేనిందే. ఒక పేట నలిగిందని మొన్ననే చూసిన. చెప్పలే. నా మోకుకు నేనే వంక పెట్టుడు నామోషీ అనిపించింది. సప్పుడు లేకుంట కొత్తది పేని ఇద్దామనుకున్న."

దివాకర్ తాను తెచ్చిన జెండాను మడతపెట్టాడు. "మనిషంటే గిట్లుండాలె," అని గీసేవాళ్లలో ఒకడైన ఎల్లేశం గొణిగాడు. హన్మండ్లుకు ఆ మాట చెవిన పడింది కానీ తన గురించేనని తట్టలేదు.

శాంత తలెత్తింది. పొద్దుటి నుంచి ఏడ్చి గొంతు పోయింది.

"ఇప్పుడు నిజం చెప్పినవు బావా. ఎక్కకముందు చెప్తే ఆయన బతుకుతుండె గదా."

పాడె ఎత్తుతున్నారు, హన్మండ్లు ముందుకు వెళ్లి భుజం పెట్టబోయాడు. శాంత వద్దంది. ఎల్లేశం వచ్చి ఆ కొమ్ము పట్టుకున్నాడు.