నేను తిన్న బంగారం

కోరుట్లల కిరాణా దుకాణం ముందర నిలబడ్డ. కొత్త బెల్లం వాసనకు నోట్లె నీళ్లు, కడుపుల కోపం ఒక్కసారే వచ్చినయి. సమ్మక్క జాతరకిచ్చే బెల్లాన్ని మా దిక్కు బెల్లమనరు, బంగారమంటరు.

సిరిసిల్లల మా ఇంట్ల నాయిన మగ్గం నేసేది, అమ్మ రాట్నం కాడ కండెలు చుట్టేది. నా ఎనిమిదో ఏట అమ్మకు విషజ్వరమొచ్చి రాట్నం ఆగింది, దాని వెంబడి మగ్గమూ ఆగింది. గంజి, తడినూలు వాసనలుండే ఇంట్ల కషాయం వాసనొక్కటే మిగిలింది. "తల్లీ, గిది లేచి కూసుంటే నిలువెత్తు బంగారమిస్త" అని నాయిన మొక్కిండు. అమ్మ లేచింది.

మాఘమాసపు చలిల, బూరల మోతల, పసుపు దుమ్ముల, అమ్మ ఎత్తు బంగారం నేనే నెత్తిన మోసిన్నని ఇన్నేండ్లు ఊరందరికి చెప్పుకున్న. అబద్ధం. మోసింది నాయిన. నా చేతికిచ్చింది ఒక్క ముద్ద, అదీ సమ్మక్క గద్దె చేరేసరికి సగమే ఉన్నది.

"మూతి మెరుస్తున్నదేందిరా?"

"చెమట, నాయినా."

"గీ చలిలనా?"

"పోనియ్యి, నడిచి అలిసిండు" అని అమ్మ అడ్డమొచ్చింది.

మొక్కు బంగారం తింటే అమ్మ మళ్ల మంచం పడుతదని నెల రోజులు పొద్దున్నే ఆమె నుదురు పట్టి చూసిన. ఏమీ కాలే. ముందు పానం కుదుటపడ్డది, తర్వాత మండింది. సమ్మక్క తల్లి నిజంగ ఉంటే దొంగను అడగదా? దొంగనే అడగనిది అమ్మను లేపిందని ఎట్ల నమ్మాలె? అప్పుడు సూదేసిన కాంపౌండరే లేపిండేమో. జాతర జాతరకు పోయి, గద్దె ముందర నిలబడి, ఒక్క మాటన్న అనుమని కొట్లాడిన. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఛాయ్ హోటల్ల దేవుడే లేడని వాదించి పదిమంది నోర్లు మూయించిన. పదిమంది కాదు, ఇద్దరు. ఇంటికొచ్చి చెంపలు కూడ వేసుకున్న.

అమ్మ లేదు, నాయిన లేడు, మగ్గం పొయ్యిల కట్టెలైంది. ఇప్పుడు మా ముసల్ది మంచంల ఉంది. డాక్టర్ల చుట్టు తిరిగి తిరిగి, నమ్మకం లేని నేనే నిలువెత్తు బంగారం మొక్కిన.

దుకాణపామె తూకమేసిన ముద్దకెల్లి ఒక పలుకు విరిచి చేతుల పెట్టింది. "తిని చూడు, పెద్దయ్యా."

పలుకు నోటిదాకా పోయి ఆగింది.

"వద్దు బిడ్డా, గిది బంగారం" అన్న.

అరవై ఏండ్లు అడిగినా పలకనిది, గిప్పుడొచ్చి చెయ్యి పట్టుకున్నదేందని మస్తు కోపమొచ్చింది. కోపంతోనే పలుకును మళ్ల సంచిల వేసిన.