నేను దిద్దిన సంద్రం

అంతవరకూ స్పానిష్‌లోనే పాడుతూ వచ్చిన ఒక గాయని ఇంగ్లీషు వాళ్ల కోసమని పూర్తిగా ఇంగ్లీషులో ఒక ఆల్బమ్ చేసింది. అది వచ్చిన వారంలోనే నేను దాన్ని నెత్తిన పెట్టుకున్నాను. ఇప్పుడు ఎక్కడైనా అందులోని పాట వినిపిస్తే లేచి అవతలికి వెళ్లిపోతాను. పాటలు బాగుండవని కాదు. ఆ ఆల్బమ్‌ను ఉదాహరణగా చూపించి నేను ఒక మనిషి నోట్లోంచి పాట తీసేశాను.

అప్పుడు మేం డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ టెక్కలిలో. నేను పలాసలో పాసింజరు ఎక్కేదాన్ని. నా స్నేహితురాలు పూండిలో ఎక్కేది. ఇద్దరం నౌపడాలో దిగి ఆటోలో టెక్కలి వెళ్లేవాళ్లం. వాళ్లది వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అది ఏడో తరగతిలో ఉండగా వాళ్ల నాన్న వేటకెళ్లి తిరిగి రాలేదు. వాళ్లమ్మ చేపలు ఎండబెట్టి కాశీబుగ్గ సంతలో అమ్మి దీన్ని చదివించింది. 'అది', 'దీన్ని' అంటున్నానని తప్పు పట్టకండి. మేం అంత దగ్గరగా ఉండేవాళ్లం.

నౌపడా దాకా ఒకటే ఇయర్‌ఫోను, చెరో చెవిలో. ఆ గాయని స్పానిష్ పాటలు నా ఫోన్లో ఉండేవి. మా ఇద్దరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. దానికి ఒక్కసారి వింటే చాలు, రాగం పట్టేసేది. మాటలు రావు కనుక తన మాటలు పెట్టుకునేది. వలలు, తెప్పలు, ఎండు మెత్తళ్లు, మా ఇంగ్లీషు లెక్చరరు గారి బొజ్జ, ఏది పెట్టినా ఆ రాగంలో చక్కగా కూర్చునేది. టెక్కలి ఆఫీసులకు వెళ్లే గుమస్తాలు పేపరు దించి మరీ వినేవాళ్లు.

ఒక పాటలో 'మార్' అన్న మాట మాటిమాటికీ వచ్చేది.

"ఏటే ఆ మారు? ఫోన్లో సూడు" అంది ఒకరోజు.

వెతికి, సముద్రమని చెప్పాను.

"సంద్రమా! మరి ఇన్నాళ్లూ సెప్పవేటి? అయితే ఇది మా ఊరి పాటే" అని రైలు పెట్టె అదిరేలా నవ్వింది.

తర్వాత ఆ ఇంగ్లీషు ఆల్బమ్ వచ్చింది. అందులో ఆ గాయని అదే పాటను మళ్లీ పాడింది. 'మార్' ఉన్నచోట 'బేబీ' ఉంది. నాకు మాత్రం ప్రతి మాటా అర్థమవుతుంటే ఒళ్లు తెలియలేదు. ప్రపంచమంతా ఆవిణ్ణి వింటోందని, అది చాలా గొప్ప విషయమని దానికి ఉపన్యాసం ఇచ్చాను. అది రెండుసార్లు విని ఇయర్‌ఫోను తీసేసింది.

"అరదమైతంది గానీ, ఆ గొంతుకేటో అయిపోనాదే. ఎవులో పక్కన కర్ర పట్టుకుని నిలబడితే బయం బయంగా పాడినట్టుంది."

నీకు ఇంగ్లీషు రాదు కాబట్టి అలా అనిపిస్తోందన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో ఇప్పటికీ గుర్తుంది.

నా సంగతి కూడా చెప్పాలి. మా నాన్న పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో పౌరోహిత్యం చేసేవారు. ఇంట్లో 'సెప్పు' అన్నామంటే మా అమ్మ నోరు పుక్కిలించి వచ్చి మళ్లీ అనమనేది. అందుకని వీధిలో 'ఏటి', గుమ్మం దాటి లోపలికొస్తే 'ఏమిటి'. నాకు అదొక పెద్ద విద్యలా ఉండేది. తెలుగంతా మా ఇంటి బీరువాలో ఉందని, తాళంచెవి నా బొడ్డులో ఉందని అనుకునేదాన్ని.

ఆ ఏడాదే ఒక టీవీ ఛానెల్ వాళ్లు పాటల పోటీకి మనుషుల్ని ఎంపిక చేస్తూ శ్రీకాకుళం వచ్చారు. నేనే దాన్ని లాక్కెళ్లాను. అది సినిమా పాట పాడలేదు. తను కట్టుకున్న పాట పాడింది. వాళ్ల నాన్న పోయాక, ఇసకలో కూర్చుని సముద్రాన్ని నిలదీస్తూ కట్టిన పాట.

"సంద్రమా సంద్రమా, అయ్యనేటి సేసినావు, సెప్పు."

అంతే పల్లవి. గదిలో ఉన్నవాళ్లంతా చేతిలో పని ఆపేశారు. ఛానెల్ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుని, "గొంతు బంగారం తల్లీ. భాష మాత్రం దిద్దుకో. రెండు రాష్ట్రాల వాళ్లకీ అర్థం కావాలి కదా" అన్నాడు. హైదరాబాదు రమ్మన్నాడు. పన్నెండు రోజులు గడువు.

బయటికి వచ్చాక అది మెట్ల మీద కూలబడింది. "ఈ పాటలో అరదం గానిదేటుందే?" అంది. నేను ఆ గాయని కథ మళ్లీ ఎత్తుకున్నాను. సొంత భాషలో పాడినన్నాళ్లూ సగం లోకమే విన్నదని, ఇంగ్లీషులో పాడాకే మనదాకా వచ్చిందని అన్నాను. అది పచ్చి అబద్ధం. మనదాకా వచ్చింది స్పానిష్ పాటలే. రోజూ ఆ రైల్లో విన్నది అవే. ఆ మాట నాకప్పుడు తట్టలేదు, దానికి తట్టినా నా మీది నమ్మకంతో ఊరుకుందేమో.

సాయంత్రాలు నేనూ పూండిలో దిగిపోయేదాన్ని, అక్కడి స్టేషను బల్ల మీద మా బడి మొదలైంది. పాటను నోటుబుక్కులో రాసి ఎర్ర పెన్నుతో దిద్దాను. 'ఏటి' కొట్టేసి 'ఏమిటి'. 'సేసినావు' కొట్టేసి 'చేసినావు'. 'సెప్పు' కొట్టేసి 'చెప్పు'. 'ఏటి' పట్టినచోట 'ఏమిటి' పట్టక రాగం ఇరుకున పడేది. అది ఊపిరి బిగబట్టి ఆ మాటను అక్కడ కుక్కేది. నాలుక తిరగడానికని చెట్టు, చెంబు, చేప అని వల్లె వేయించాను.

"సేప" అంది.

"సేప కాదు, చేప. మీ ఇంట్లో తరతరాలుగా పడుతున్నదాని పేరు కూడా సరిగ్గా అనలేకపోతే ఎలా?"

"సేపంటే వల్లోకి రాదేటి?" అని నవ్వింది. నేను నవ్వలేదు. పంతులమ్మ వేషం అప్పటికే బాగా తలకెక్కింది.

నాలుగో రోజుకి విసుగొచ్చి, "నోట్లోకి 'స' వచ్చినప్పుడల్లా దాన్ని ఆపి 'చ' అను. అంతే, ఇంక ఆలోచించకు" అన్నాను.

"అన్నిటికీనా?"

రైలు కూత వినిపిస్తోంది. నేను సంచీ భుజానికి తగిలించుకుంటున్నాను. "అన్నిటికీ. ముందు నాలుకకు అలవాటు కానీ" అన్నాను.

ఆ ఒక్క మాట. తీరిగ్గా అరనిమిషం కూర్చుని ఏది స-గానే ఉండాలో, ఏది చ కావాలో చెప్పుంటే సరిపోయేది. చెప్పలేదు. తర్వాత చెబుదామనుకున్నాను, మిగిలిన రోజులు అది కాలేజీ మానేసి ఇంటి దగ్గరే ఒక్కతే పాడుకుంది. దిద్దిన పుస్తకం దాని చేతిలోనే ఉంది, అందులో సంద్రం సంద్రంలాగే ఉంది. కానీ అది పుస్తకం చూసి పాడే మనిషి కాదు.

హైదరాబాదుకు ఇద్దరమే వెళ్లాం. "నిన్ను సూసే పంపుతన్నానమ్మా" అని వాళ్లమ్మ పూండి ప్లాట్‌ఫారం మీద నా చెయ్యి పట్టుకుంది. స్టూడియోలో నన్ను ప్రేక్షకుల్లో మూడో వరసలో కూర్చోబెట్టారు. మా పిల్లకి పట్టులంగా కట్టి మొహానికి రంగు పూశారు. నా వైపు చూసి తల ఊపి, కళ్లు మూసుకుని ఎత్తుకుంది.

"చంద్రమా చంద్రమా, అయ్యనేమిటి చేచినావు, చెప్పు."

ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నడిమాయన ముందు కిసుక్కుమన్నాడు. పక్కావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాట ఆపించారు. "చేచినావు ఏమిటమ్మా? అసలు నాన్నగారు ఏమయ్యారని చంద్రుణ్ణి ఎందుకు అడుగుతున్నావు?" అన్నాడాయన. దానికి ఏమీ అర్థం కాలేదు. మర్యాదగా చేతులు కట్టుకుని, నేర్చుకున్నదంతా జాగ్రత్తగా కూడదీసుకుని జవాబు చెప్పింది.

"చంద్రమేనండి. మా ఊరి పక్కనే ఉంటుందండి."

హాలు గొల్లుమంది. నేనూ నవ్వాను. దాచడం ఎందుకు, నవ్వొచ్చింది, నవ్వాను. అక్కడున్న అంత మందిలో దాని తండ్రి ఎలా పోయాడో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ నోట్లో చంద్రాన్ని పెట్టినదాన్నీ నేనే. అయినా హాలుతోపాటు పళ్లికిలించాను.

తిరుగు ప్రయాణంలో గోదావరి వంతెన అయిపోయాక మెల్లగా అడిగింది. "నానేటి తప్పు పాడినాను? నువ్వు సెప్పినట్టే పాడినాను కదే?"

అప్పుడైనా చెప్పాల్సింది. తప్పు నాదే, నేను నేర్పడం తప్పు అని నాలుగు మాటలు. నేను కిటికీ వైపు చూస్తూ, "నువ్వు కంగారు పడ్డావు" అన్నాను.

"అదే అయ్యుంటాది" అంది. నమ్మింది.

వారం తిరక్కుండా ఆ ముక్క అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. ఎవడో పుణ్యాత్ముడు వెనకాల చంద్రుడి బొమ్మ పెట్టాడు, నవ్వుల శబ్దం పెంచాడు. అందులో 'మా ఊరి పక్కనే ఉంటుందండి' అన్నాక కెమెరా ప్రేక్షకుల మీదికి తిరుగుతుంది. మూడో వరసలో నేను కడుపు పట్టుకుని నవ్వుతుంటాను. మా వీధిలో వాళ్లు నేను టీవీలో కనిపించానని మెచ్చుకున్నారు కూడా.

రెండు రోజులు అది రైలెక్కలేదు. మూడో రోజు పూండిలో దిగి ఆటోలో వాళ్ల ఊరు వెళ్లాను. వాళ్లమ్మ ఒడ్డున చేపలు ఆరబోస్తోంది. దాన్ని పిలవమన్నాను. పిలవలేదు. నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"అయ్య పోయిన కాడ్నుంచి ఆ సంద్రం మీద కోపమంతా పాటలోనే తీర్సుకునేదమ్మా. ఏడవడం ఎరగదు. పాడుకునీది. ఇప్పుడు నోరు తెరిత్తే ఏ అచ్చరం వొత్తాదో అని బయపడతంది. ఇంట్లో 'సారు పొయ్యి' అనడానికి కూడా ఆగి, ఆలోసించి అంతంది. మీరు సదువుకున్నోలు. మా పిల్లకేటి సేసినారు?"

తల వంచుకుని ఇసకలో నడిచి రోడ్డు మీదికి వచ్చాను. ఆ తర్వాత అది రైలెక్కింది, డిగ్రీ పూర్తి చేసింది. పెట్టె మాత్రం మార్చేసింది. ఎప్పుడైనా నౌపడాలో ఎదురుపడితే తల ఊపేది. పాడగా మళ్లీ ఎవరూ వినలేదు.

ఆ గాయని రెండు ఇంగ్లీషు ఆల్బములు చేసి, ఇంక చాలనుకుందో ఏమో, మళ్లీ స్పానిష్‌కి వెళ్లిపోయింది. జనం చప్పట్లు కొట్టి ఇంట్లోకి పిలుచుకున్నారు. ఆవిడకేం, తిరిగి వెళ్లడానికి ఒక భాష ఉంది, అందులో అది తప్పు ఇది ఒప్పు అని దిద్దేవాళ్లు లేరు. మా దానికి సొంత మాట ఒకటే ఉండేది, దాన్ని కాస్తా నేను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. నన్ను తిట్టుకోవడానికి నాకు మా యాసలో చాలా మాటలున్నాయి. అవన్నీ వాడేశాను, కోపం మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు నేను టెక్కలిలో ఒక స్కూల్లో తెలుగు టీచర్ని. పిల్లలు 'సెప్పండి మేడం' అంటే దిద్దను. హెడ్మాస్టరు గారు దిద్దమంటారు, సరేనంటాను, దిద్దను. దాంతో పాపం కడుక్కుపోతుందని కాదు, చెయ్యి రాదు.

ఈ ఏడు అడ్మిషన్లప్పుడు ఆఫీసు ముందు బెంచీ మీద అది కనిపించింది. ఒళ్లో నాలుగేళ్ల పాప. పక్కనున్న ఆవిడతో, "ఏటమ్మా ఇంత సేపు! పొద్దున్నొచ్చినాం, ఎండ సూడు ఎలగుందో" అంటోంది. ఆ గొంతు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. పోలేదు, ఉంది, దాని మాట దానికి ఉంది అనుకుని దాదాపు పరిగెత్తాను.

నన్ను చూసి లేచి నిలబడింది.

"నమస్కారమండీ. మా అమ్మాయిని చేర్పించడానికి వచ్చాను. మీరిక్కడే పనిచేస్తున్నారని తెలియదు. కాస్త చూసుకోండి."

"ఏటే, నన్ను మీరంటావేటి? నాతో మామూలుగా మాటాడవే" అన్నాను.

అది పాప జుట్టు సర్దింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది.

"మీతో ఇలాగే వస్తోందండీ. తప్పులుంటే చెప్పండి" అంది.

తప్పులు లేవు.