ఎక్కడికని అడగని పాప

కరోనా తర్వాత బడులు పూర్తిగా తెరుచుకున్న ఏడాది అది. తెనాలిలో ఒక గాజుల కొట్టు పైన, మేడ మీద ఉండేది నా గది. ఒక చాప, రెండు బీరువాల నిండా బొమ్మలు, బయట మెట్ల దగ్గర పెద్దవాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ. నేను ప్లే థెరపిస్టుని. "ఆడుకోవడానిక్కూడా చదువు కావాలా అమ్మా?" అని కింద కొట్టాయన నన్ను ఏడిపించేవాడు.

కావాలి. పెద్దవాళ్ళు బాధని మాటల్లో చెప్పుకుంటారు. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి ఆ మాటలు ఇంకా రావు కాబట్టి ఆటలో చెబుతారు. పక్కన కూర్చుని ఆ ఆటని చూడటం, చూసినదాన్ని "పడవని ఇటు తిప్పావు" అని పైకి చెప్పడం, ప్రశ్నలు వేయకపోవడం నా పని. ఆఖరిదంటే నాకు చాలా గర్వంగా ఉండేది. దానితోనే బోల్తా పడ్డాను.

దుర్గని (అసలు పేరు వేరు) వాళ్ళ నాయనమ్మ కోటమ్మ ప్రతి గురువారం రేపల్లె రైల్లో తీసుకొచ్చేది. రేపల్లె అవతల సముద్రం వైపు ఊరు వాళ్ళది. తల్లి పొద్దున్నే చేపల గంప ఎత్తుకుని అమ్మకానికి వెళ్తుంది. తండ్రి ఏడుకొండలు బోటు మీద పనిచేసేవాడు. ఆ చలికాలం బోటులో వల లాగే వించి యంత్రం తాడులో కుడిచెయ్యి ఇరుక్కుని రెండు వేళ్ళు పోయాయి. అప్పటి నుంచి ఇంట్లోనే ఉన్నాడు, అప్పటి నుంచే పాప మాట్లాడటం లేదు. బాపట్లలో చెవులు పరీక్ష చేయించారు, బాగానే ఉన్నాయి. అన్నం తింటావా అంటే తలూపుతుంది. తనంతట తాను మంచినీళ్ళు కూడా అడగదు. బడిలో బయటికి వెళ్తానని అడగలేక రెండుసార్లు బట్టలు తడుపుకుంది. వేరే బడి చూసుకోమని బడివాళ్ళు చెప్పేశారు.

నా గదిలో మాత్రం దుర్గ హాయిగా ఉండేది. ఎందుకుండదు, నేనేమీ అడగను, తను ఏమీ అడగాల్సిన పనీ లేదు. శాండ్ ట్రే అని మా దగ్గర ఒక పెద్ద పళ్ళెం నిండా ఇసుక ఉంటుంది. అందులో ప్రతివారం ఒక పడవ బయలుదేరేది. అది కదలగానే దుర్గ ఆడపిల్ల బొమ్మని తీసి మొహం ఇసుకలోకి నొక్కి పెట్టేది. సముద్రమంటే భయమనుకున్నాను. అలాగే నా పుస్తకంలో రాసుకున్నాను కూడా.

మే నెల చివర ఒకరోజు ఆట ముగిసింది. బయట కోటమ్మ టీ తాగుదామని లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. నేను తలుపు తీస్తూ, ఆలోచించకుండా, "ఎక్కడికి పెద్దమ్మా?" అన్నాను.

వెనకనుంచి దుర్గ పరుగెత్తుకొచ్చి, పక్కనున్న స్టూలెక్కి, రెండు చేతులతో నా నోరు మూసేసింది. ఆ చేతులకి ఇసుక అంటుకుని ఉంది.

"బయలుదేరేవాళ్ళని ఎక్కడికని అడక్కూడదు గదమ్మా. నీకు తెలవదా?" అంది కోటమ్మ.

తెలుసు. మా ఇంట్లోనూ "ఎంత దూరం?" అనేవాళ్ళే తప్ప ఎక్కడికని అడిగితే మా అమ్మ మొట్టికాయ వేసేది. దుర్గని బొమ్మల దగ్గర కూర్చోబెట్టి వచ్చాక, కోటమ్మ మెల్లగా విషయం చెప్పింది. వేళ్ళు పోయిన రోజు తెల్లవారుజామున బోటుకి బయలుదేరుతున్న తండ్రిని దుర్గ "ఎక్కడికి నాన్నా?" అని అడిగింది. చేతికి కట్టుతో అతను ఇంటికొచ్చినప్పుడు, చుట్టుపక్కలవాళ్ళందరి ముందు ఈవిడ "వెళ్ళేవాణ్ణి అడిగావు గదే, చూడు ఏమైందో" అనేసింది. ఇసుకలోకి నొక్కి పాప మూసేది ఆ బొమ్మ నోటినని నాకప్పుడు అర్థమైంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏడేళ్ళ పిల్ల ఒక మాట అడిగితే చెయ్యి తెగుతుందా పెద్దమ్మా? పసిదాని నోరు నొక్కేసింది మీరే" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. కోటమ్మ పాప చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

తర్వాతి గురువారం వాళ్ళు రాలేదు. ఆ పై గురువారం ఏడుకొండలు ఫోన్ చేశాడు.

"మా అమ్మ రానంటంది మేడంగారూ. ఎవరితోనూ పలకట్లేదు, అన్నం కూడా సరిగ్గా తినట్లేదండి. వారం పది రోజుల్లో వేట మొదలవుద్ది. పాపనిలా వదిలేసి నేను బోటెట్టా ఎక్కనండి?"

చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో రెండు నెలలు బోట్లు ఆపేస్తారు. ఆ గడువు అయిపోవస్తోంది. పాప ఇలా ఉండగానే అతను సముద్రం మీదికి వెళ్తే, అక్కడ గాలి కాస్త గట్టిగా వీచినా అది తనవల్లే అనుకుంటుంది. ఇక ఆ నోరు ఎప్పటికి తెరుచుకుంటుందో ఎవరూ చెప్పలేరు.

ఫోన్ పెట్టేశాక నాకు సిగ్గేసింది. కోటమ్మ పాపకి ఏం చేసిందో నేను కోటమ్మకి సరిగ్గా అదే చేశాను. "నీవల్లే" అన్నాను, ఆవిడ నోరు మూతపడింది. మరుసటి రోజే రేపల్లె రైలెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాను. కోటమ్మ ఇంటి ముందు ఎండు చేపలు తిరగేస్తోంది.

"ఆ రోజు నేనట్లా అనాల్సింది కాదు పెద్దమ్మా. తప్పు నాది" అన్నాను.

ఆవిడ చేతిలో పని ఆపలేదు. "నువ్వన్నదాంట్లో అబద్ధమేముంది? కొడుకు చెయ్యి చూసి నోరు జారా. ఆ పూట నుంచే అది పలకటం మానేసింది. నాకు తెలవదనుకున్నావా? తెలిసే నీ దగ్గరికి తీసుకొచ్చా. దానికెట్టా చెప్పాలో తెలవక తీసుకొచ్చా."

"నేను చెబితే నమ్మదు పెద్దమ్మా. అన్నది మీరు కాబట్టి మీరు చెబితేనే నమ్ముతుంది."

గురువారం ముగ్గురూ వచ్చారు. ఏడుకొండలు చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మూడు వేళ్ళ చేత్తో ఇసుకలో పడవ నడిపాడు. దుర్గ ఎప్పటిలాగే బొమ్మ మొహం ఇసుకలోకి నొక్కింది. అప్పుడు కోటమ్మ లేచి, గుమ్మం దాటి చెప్పులేసుకుని నిలబడింది.

"దుర్గా, ఇటు చూడవే. నేను బయటికెళ్తన్నా. ఎక్కడికని అడుగు."

పాప గోడవైపు తిరిగిపోయింది. నాకు ఏదో ఒకటి చెప్పాలనిపించింది. బలవంతంగా ఊరుకున్నాను.

"మీ తాత అన్నేళ్ళు సముద్రం మీదికెళ్ళాడు. నేనొక్కనాడు కూడా అడగలా. అడక్కపోయినా ఆయన తిరిగి రాలేదు గదే. నువ్వడిగినందుకు కాదు మీ నాన్న వేళ్ళు పోయింది. ఆ మాటన్నది నేను. అనకుండా ఉండాల్సింది."

కాసేపటికి గోడవైపు నుంచి, బొంగురుగా, "ఎక్కడికి నాయనమ్మా?" అని వినిపించింది.

"టీ తాగొత్తా" అంది కోటమ్మ, మెట్లు దిగింది.

దుర్గ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. ఎదురుగా ఉన్న టీ బడ్డీ దాకా నాయనమ్మ నడవడం, నిలబడి టీ తాగడం, లారీ పోయేదాకా ఆగి రోడ్డు దాటడం రెప్పవేయకుండా చూసింది. కోటమ్మ పైకొచ్చి పాప చేతిలో ఒక బన్ను పెట్టబోయింది. దుర్గ బన్ను వైపు చూడలేదు. నాయనమ్మ చేతులు రెండూ పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసింది. పదీ ఉన్నాయి. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, పుస్తకాల్లో థెరపిస్టు ఏడవకూడదని ఉన్నా.

బోట్లు బయలుదేరిన రోజు ఏడుకొండలు ఒడ్డునుంచి ఫోన్ చేశాడు. వెనక ఇంజన్ల హోరు.

"అడిగిందండి మేడంగారూ, అందరూ చూస్తుండగానే."

"మీ అమ్మగారేమన్నారు?"

"'ఎప్పుడొత్తాడో కూడా అడగవే' అందండి. అదీ అడిగింది. ఆరు రోజులని చెప్పానండి."

ఆరో రోజుకి వచ్చేశాడు.

నిందని ఒకరి మీదనుంచి తీసి ఇంకొకరి మీద పెట్టడం వైద్యం కాదని నాకు నేర్పింది ఈ కేసే. పిల్లని గాయపరిచిన మాట ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ మనిషికీ లోపల గాయం ఉంటుంది, పిల్లకి మందు కూడా చాలాసార్లు ఆ మనిషి దగ్గరే ఉంటుంది. అందుకే ఆ బెంచీని మెట్ల దగ్గర నుంచి తీయించి, గది లోపల చాప పక్కనే వేయించాను.