మోరీలో పారిన మంచినీళ్లు

నల్లా తిప్పగానే ముందు గొట్టంలో గాలి గురగురమంటుంది, ఆ తర్వాత నీళ్లు దూకుతాయి. ఈ చప్పుడు వింటే చాలు, నాకు మా రూతమ్మ టీచర్ గుర్తొస్తారు. అరవైల చివర్లో నాచారంలో మా వాడంతటికీ ఒకటే నల్లా. మా పక్కింట్లో ఉంటూ బడిలో సాంఘికశాస్త్రం చెప్పే ఆమె, నాకు అర్థశాస్త్రం నేర్పింది ఆ నల్లా దగ్గరే.

మా అమ్మ లేదు. నాన్న మిల్లుకు పోతే నీళ్ల పని నాదే. అవి తెల్లవారుజామున వస్తాయో, మధ్యాహ్నం వస్తాయో దేవుడికే తెలియాలి. అవి వచ్చాక ఉప్పల్‌కు పరుగెత్తి బస్సు పట్టుకుని కాలేజీకి చేరేసరికి సగం పాఠాలు అయిపోయేవి. ఇలాగే ఆలస్యమైతే పేరు తీసేస్తామన్నారు. నాన్నేమో, "సదువు సంగతి తర్వాత, ఇంట్ల నీళ్లుండాలె గద బిడ్డా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, వాడ మొత్తం మీదా ఒళ్లు మండింది.

"ఈళ్లకు మస్తు ఆశ టీచరమ్మా! పిల్లల చెంబులు గూడ నింపుతున్రు" అన్నాను.

"మరి నువ్వో?"

"నేను గూడ నింపిన. రేపు రాకుంటే?"

"అందరిదీ గదే ఫికరు. ఆశ గాదే పిల్లా, భయం" అంటూ నా చెయ్యి పట్టుకుని మురుగు పారే మోరీ దగ్గరకు తీసుకుపోయారు. కొత్త నీళ్లు రాగానే ఆడవాళ్లంతా నిన్నటివి పాచి నీళ్లంటూ అందులో గుమ్మరిస్తున్నారు. పొద్దున నేనూ గుమ్మరించాను. "నల్లా కాడ కరువు, మోరీల వరద. సూడు!" అన్నారు.

ఆ వారమే నల్లా నీళ్లు వదిలే ఓవర్సియర్ వచ్చి, దుబారా ఎక్కువైంది, నీళ్లు సగానికి తగ్గిస్తామన్నాడు. టీచర్ ఆయన సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నారు.

"తగ్గిస్తే భయం పెరుగుతది సార్, ఇంకిన్ని బిందెలు నింపుతరు. ఎక్కువ ఇయ్యమంటలేను. టైం చెప్పున్రి, చెప్పిన టైంకు ఇడువున్రి. గంతే!"

"టైం చెప్తే నీళ్లు పెరుగుతయా అమ్మా?"

"ఒక్క నెల సూడున్రి."

ఆమె హ్యాండిల్ వదిలితే కదా! చివరకు పొద్దున ఆరింటికి వదులుతానని ఒప్పుకున్నాడు.

మొదట్లో ఎవరూ నమ్మలేదు. బిందెలు తగ్గలేదు, వరస కరగక నా ఆలస్యమూ తగ్గలేదు. "జర ఆగు, మాట మీద నమ్మకం కుదరనీ" అనేవారు టీచర్. ఓవర్సియర్ మాత్రం మాట తప్పలేదు. ఒకనాడు ఎదురింటి యాదమ్మ గంగాళం ఇంట్లోనే వదిలేసి వచ్చింది. "రేపు మళ్ల వస్తయి గద, ఎందుకు మోసుడు?" అంది. ఆమెను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. నీళ్లు అవే, మోరీ మాత్రం ఎండిపోయింది. చివరింటి వాళ్లకు కూడా బిందె నిండింది!

ఓవర్సియర్ వచ్చి మోరీలోకి వంగి చూశాడు. "ఏం మాయ జేసినవమ్మా?"

"మాయేంది సార్, ఈ పిల్ల కాలేజీల సదివే అర్థశాస్త్రం గిదే" అని టీచర్ నన్ను ముందుకు తోశారు. నేనప్పటికే జడ వేసుకుని, పుస్తకాలు పట్టుకుని ఉన్నాను. ఆ రోజు గంట కొట్టకముందే క్లాసులో కూర్చున్నాను.

డెబ్బైలలో పౌర సరఫరాల ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. కిరోసిన్ కొరతతో జనం ఎగబడుతుంటే, కోటా కోసేద్దామన్నారు పెద్దసారు. నేను లేచి, "ఏ దుకాణానికి ఏ రోజు ఇస్తామో ముందే చెబుదాం సార్, ఆ రోజు తప్పకుండా ఇద్దాం" అన్నాను. నవ్విన వాళ్లు నవ్వారు. అయినా పట్టు వదల్లేదు, చివరికి పెద్దసారు ఒప్పుకున్నారు. కొన్ని వారాలకు, మా వాడ రేషన్ దుకాణం ముందు నుంచి పోతూ ఆగిపోయాను. లోపల పీపాలో కిరోసిన్ ఉంది, బయట తోపులాట లేదు. ఒక ముసలమ్మ తీరిగ్గా వచ్చి, సీసా నింపించుకుని వెళ్లింది. అప్పటికి టీచర్ పోయి ఏడాది. నడిరోడ్డు మీద కళ్లు తుడుచుకుంటూ, "గెల్చినం టీచరమ్మా!" అని పైకే అనేశాను.