పైపు ముక్కల పొగ

పెళ్లయి కృష్ణా జిల్లా నుంచి గోదావరిఖని వచ్చిన మొదటి రోజే పక్క క్వార్టర్ అవ్వ నన్ను "బిడ్డా" అని పిలిచింది. ఆమె కొడుకు గనిలో పనిచేస్తాడు. నేను ఇక్కడి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఇంట్లో గ్యాస్ ఉన్నా, స్నానాల నీళ్లు మాత్రం వాకిట్లో బొగ్గుపొయ్యి మీదే కాగాలి అవ్వకు. అందులో ఒక బకెట్ గోడ మీదుగా నాకూ వచ్చేది.

బొగ్గు ఊరికే అంటుకోదు. కిరసనాయిలు దొరకడం ఆగిపోయాక అవ్వ, నల్లా మరమ్మతుల్లో మిగిలిన పీవీసీ పైపు ముక్కల్ని పాత గుడ్డలతో కలిపి అంటించడం మొదలుపెట్టింది. ముక్కు మండిపోయేలా పొగ. వద్దని చెప్పి చూశాను.

"బొగ్గు పొగలనే ముసలిదాన్నయిన. గీ పొగ నన్నేం జేస్తది బిడ్డా?" అని నవ్వేసింది.

ఒక చలికాలం ఉదయం వాకిట్లో దగ్గు మొదలై ఎంతకీ ఆగలేదు. పరుగున వెళ్లేసరికి అవ్వ గొంతు పట్టుకుని అరుగు మీద ఒరిగిపోయి ఉంది. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. ఆటోలో దవాఖానకు తీసుకెళ్తుంటే ఆమె నా చెయ్యి వదల్లేదు. నాకూ వదలబుద్ధి కాలేదు. ఆక్సిజన్ పెట్టాక మెల్లగా తేరుకుంది. నోట వచ్చిన మొదటి మాట: "నీళ్లు మరుగుతున్నయేమో, జర చూసిరా."

ఉత్తి మాటలతో ఈమె వినదని తేలిపోయింది. ఒంట్లో కుదుటపడ్డాక మా ల్యాబ్‌కు రమ్మన్నాను. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి ముందు బెంచీలో పిల్లల మధ్య కూర్చుంది. పొగను బయటికి లాగేసే అద్దాల అరలో, పరీక్షనాళికలో చిన్న పైపు ముక్క వేసి వేడి చేశాను. నాళిక మూతి దగ్గర తడిపిన నీలి లిట్మస్ కాగితం పెట్టాను.

"ఏందది, ఎర్రగైంది?"

"యాసిడ్ అవ్వా. ఈ ప్లాస్టిక్ అణువుల గొలుసులో క్లోరిన్ ఉంటుంది. వేడికి అది తెగి బయటపడుతుంది. బంధంలోని జత ఎలక్ట్రాన్‌లలో ఒకటే దాని దగ్గర మిగులుతుంది కాబట్టి నిలకడగా ఉండలేదు. పక్కనున్న హైడ్రోజన్‌ను లాక్కుని యాసిడ్ అవుతుంది. హైడ్రోజన్ పోయినచోట గొలుసు కుదురు తప్పి, ఇంకో క్లోరిన్‌ను వదిలేస్తుంది. ఇలా జత తెగి మిగిలినవాటినే ఫ్రీ రాడికల్స్ అంటాం."

"అంటే ఒకటి తెగితే ఊకుంటలేదు, పక్కదాన్ని గూడ చెడగొడుతది. మరి ఎప్పుడు ఆగుతది?"

పిల్లలు నవ్వారు. నాకు మాత్రం ముచ్చటేసింది. అది వాళ్లు అడగాల్సిన ప్రశ్న. రెండు రాడికల్స్ ఒకదానికొకటి తగిలి జతకడితే అక్కడికి ఆగుతుందని చెప్పాను.

"పెండ్లి జేస్తే సక్కగుంటయన్నట్టు," అంది అవ్వ. ఈసారి అందరితోపాటు నేనూ నవ్వాను.

ఇంటికి రాగానే మిగిలిన ముక్కలన్నీ మూటగట్టి చెత్తబండికి ఇచ్చేసింది. కమాన్‌పూర్ దగ్గర తమ్ముడి చేను నుంచి ఎండిన పత్తికట్టె తెప్పించుకుంది. ఆయాసం పూర్తిగా పోలేదు. చలికాలమంతా ఇన్‌హేలర్ కొంగున ముడేసుకునే తిరుగుతుంది. మొన్న మా వీధి చివర ఒకాయన రాగి కోసం పాత వైర్లు కాలుస్తుంటే, నేను చెప్పులు వేసుకునేలోపే అవ్వ అక్కడికి చేరింది.

"ఆర్పు జల్ది! గా ప్లాస్టిక్‌లకెళ్లి యాసిడ్ వస్తది. ఎర్కలేకుంటే నన్నడుగు, కాలేజీల కూసుండి నేర్సుకున్న."