పిడికెడు బియ్యం సంఘం

మొన్న సాయంత్రం మా అపార్టుమెంటు గేటు ముందు ఒక లారీ వచ్చి ఆగింది. దాని మీద గోడంత తెర, ఆ తెర నిండా చేతులు జోడించి నవ్వుతున్న ఒక పెద్దమనిషి, ఆయన మీద కట్టిన పాట. నోయిడాలో మా అమ్మాయి వాళ్లుండేది తొమ్మిదో అంతస్తు. అంత ఎత్తుకీ ఆ పాట ఎక్కివచ్చి కిటికీ అద్దాలను గజగజలాడించింది. మనవరాలు లేచి కిటికీ మూసి వచ్చి నా పక్కన కూర్చుంది. అది నాలాగే నర్సు, ప్రైవేటు ఆసుపత్రిలో కాంట్రాక్టు ఉద్యోగం. డ్యూటీకి వచ్చే తల్లుల పిల్లలను చూసుకోవడానికి ఆసుపత్రిలోనే ఒక గది ఇవ్వాలని అడుగుతూ తోటి నర్సులను కూడగట్టి చిన్న సంఘం పెట్టింది. ఇప్పుడా తెర మీది పెద్దమనిషి మనుషులు వచ్చి, మీ సభకు హాలు, మైకులు, అందరికీ టీషర్టులు మేమే ఇస్తామన్నారట. "అమ్మమ్మా, లేనా చాహియే క్యా?" అంది, తీసుకోవచ్చా అని. దానికి తెలుగు అర్థమవుతుంది గాని జవాబులూ ప్రశ్నలూ హిందీలోనే వస్తాయి.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి నడవాలి, నా ఈడువాళ్లకు తెలుస్తుంది, ఈ మోకాళ్లతో అది అయ్యే పని కాదు.

తెనాలి పక్క పల్లె నుంచి నర్సింగు పూర్తిచేసుకుని ఢిల్లీ వచ్చిన కొత్తలో నాకు కరోల్ బాగ్ దగ్గర ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. పెళ్లయ్యాక యమునకు అవతల ఒక కాలనీలో కాపురం పెట్టాం. మా ఆయన అక్కగారు, నాకు వదిన, మాతోనే ఉండేది. అదే ఆసుపత్రిలో ఆయాగా చేస్తూ, చక్కెర జబ్బు వల్ల కాలి వేళ్ల దగ్గర పుండు పడి మానకపోవడంతో పని మానేసింది. డ్యూటీకి బయలుదేరే ముందు రోజూ నేనే కట్టు మార్చేదాన్ని. కాని కట్టు మార్చడం వేరు, డాక్టరు చూసి చచ్చిన కండ తీసి శుభ్రం చేయడం వేరు. దానికి ఆమె ఆ కాలితో రెండు బస్సులు మారి వెళ్లాలి. మా వీధి చివరే సర్కారు డిస్పెన్సరీ భవనం ఉండేది. సున్నం వేసి, బోర్డు రాసి, తాళం వేసి ఉంచారు. కట్టించినవాళ్లు ఆ తాళంచెవి ఎవరికిచ్చారో కాలనీలో ఎవరికీ తెలియదు.

ఆ తాళం తీయించాలన్న పట్టుదల వదినదే. మా చర్చి సంఘాల ఆడవాళ్లకు ఒక అలవాటుంది, కోస్తాలో పుట్టి పెరిగిన క్రైస్తవ కుటుంబాల వాళ్లు చప్పున గుర్తుపడతారు. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, వారం తిరిగేసరికి అది గుడికి, అంటే చర్చికి పోతుంది. వదిన ఆ పిడికెడును రెండు చేసింది. ఒకటి దేవుడికి, ఒకటి డిస్పెన్సరీకి. శుక్రవారం సాయంత్రాలు ఒక్కో వారం ఒక్కో ఇంట్లో ప్రార్థన కూటం ఉండేది గదా, అది ముగిశాక అందరూ ఆ రెండో పిడికెడు తెచ్చి ఒక గంపలో పోసేవాళ్లు. చూస్తుండగానే పక్క వీధి బీహారు ఆడవాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు, వాళ్లు పిడికెడు గోధుమ పిండి, వాళ్ల మాటలో ఆటా, తెచ్చేవాళ్లు. వాళ్లలో పెద్దామెను అందరం దీదీ అనేవాళ్లం. ప్రతి వారం ఇద్దరు ఆడవాళ్లు ఆ రోజు కూలి వదులుకుని అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లాలి, ఆ గంపలో ఉన్నది ఆ వారం వాళ్లింటికి పోవాలి. మా డిస్పెన్సరీ సంఘానికి రాసిపెట్టుకున్న నియమం ఇదొక్కటే.

ఎన్ని వారాలు వెళ్లామో. ఒకరు ఈ గదికి పొమ్మంటే ఇంకొకరు ఆ గదికి పొమ్మనేవారు, చివరికి కల్ ఆనా, రేపు రండి అనేవారు. పై వారం మరో ఇద్దరం వెళ్లి నిలబడేవాళ్లం. మా మొహాలు చూసి విసిగిపోయి ఒక ఆఫీసరు ఆఖరికి తాళం తీయించాడు. వారానికి రెండు రోజులు డాక్టరు రావడం మొదలైంది. వదిన పుండు ఎండుముఖం పట్టింది. రోజూ తెరిపించేదాకా గంప ఆపవద్దని ఆ శుక్రవారమే అనుకున్నాం.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. అంతకుముందు కూడా ఎన్నికలు చూశాం గాని అంత డబ్బు కళ్లజూడడం మాకు అదే మొదలు. షామియానాలు, పూరీలు, ఇంటింటికీ కుక్కర్లు, అయిదేసి కిలోల బియ్యం సంచులు. అయిదు కిలోలు గుమ్మంలోకి వచ్చి పడుతుంటే పిడికెడు తీసిపెట్టాలని ఎవరికి గుర్తుంటుంది? గంప అడుగు కనబడడం మొదలైంది.

ఆ శుక్రవారం కూటం మా ఇంట్లో. పాటలు పాడుతుండగా ఒక అభ్యర్థి చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చి, నా కోసం ప్రార్థన చేయండమ్మా అని చాప మీద మోకరించాడు. ప్రార్థన కోరి గుమ్మం తొక్కినవాణ్ణి, వాడెవడైనా సరే, మావాళ్లు కాదనలేరు. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, నా వైపు చూశారు. ఇల్లు నాది, డిస్పెన్సరీ సంఘంలో మాట కూడా అప్పటికి నాదే. సరేనన్నట్టు తల ఊపాను. ఆ ఇంటి ఇల్లాలు చెయ్యి ఉంచాలి గదా అని ఆ అభ్యర్థి తల మీద నా చెయ్యి ఉంచాను. కళ్లు మూసుకుని ఉండగా ఏదో మెరిసినట్టయింది, అంతకన్నా నాకేమీ తెలియదు.

మర్నాటికల్లా ఆ ఫోటో కాలనీ గోడలన్నిటి మీదా ఉంది. ఆయన వంచిన తల, దాని మీద నా అరచెయ్యి, కింద హిందీలో పెద్ద అక్షరాలు, డిస్పెన్సరీ సంఘం ఆయన వెంటే ఉందని. డిస్పెన్సరీ తలుపు మీద కూడా అంటించారు. దీదీ భర్త అవతలి పార్టీలో తిరిగేవాడు. ఆమె మా గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండానే, "నాకొక్క మాట చెప్పి ఉండాల్సింది, బహన్" అని వెళ్లిపోయింది. ఆమెతోపాటు ఆటా తెచ్చే ఆడవాళ్లందరూ మానేశారు. మా సంఘం ఎవరిదీ కాదని వాళ్లకు చెప్పడానికి ఇల్లిల్లూ తిరిగాను. గోడ మీద నా చెయ్యే కనబడుతుంటే నా మాట ఎవరు నమ్ముతారు?

ఆయన గెలిచాడు. రెండు నెలలు తిరగకుండానే ఆ రెండు రోజుల డాక్టరు కూడా రావడం మానేశాడు. మావాళ్లూ ఒక్కొక్కరే తప్పుకోగా, అర్జీ పట్టుకుని వెళ్లడానికి మిగిలింది వదినా నేనే. వదిన కట్టుతోనే వచ్చింది. గెలిచినాయన ఇంటి ముందు గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి ఒక మనిషి టీ తెప్పించి, మా చేతిలోని అర్జీ చూసి నవ్వాడు. "బహన్‌జీ, మీరు మా ఇంటి మనుషులు. ఇంటి మనుషులు ఎక్కడైనా అర్జీలు పట్టుకొస్తారా?" అన్నాడు. పరాయివాళ్లుగా ఉన్నన్నాళ్లూ ఆఫీసుల్లో గొంతెత్తి అడిగినదాన్ని, ఆ గదిలో టీ తాగి లేచి వచ్చేశాను. బస్సులో వదిన, "టీలో పంచదార ఎక్కువ పోశాడు అమ్మాయ్, నాకు పడదు గదా" అంది.

ఆ వానాకాలంలో ఆమె కాలివేళ్లు రెండు తీసేశారు. తర్వాత చాలా ఏళ్లు బతికింది, ఒక్కనాడు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత బరువు తగ్గేది.

ఇదంతా మనవరాలికి చెప్పాను. ఫోను పక్కన పెట్టి శ్రద్ధగానే విన్నది. అభ్యర్థి ఖర్చుకైతే హద్దు ఉందట గాని, పార్టీ పెట్టే ఖర్చుకు హద్దే లేదని అది నాకు చెప్పింది. అప్పుడే కింద లారీ మళ్లీ పాట అందుకుంది. "మరి అమ్మమ్మా, ఇస్ శోర్ మే హమే కౌన్ సునేగా?" అంది, ఈ హోరులో మా గొంతు ఎవరు వింటారని. పిడికెడు బియ్యం దాయమని చెబుదామంటే, ఆ పిల్లలు వంట చేసుకునే తీరికే లేని ఉద్యోగాల్లో ఉన్నారు. వద్దని చెప్పే ఓపిక నాకు లేకపోయింది, తీసుకోమనడానికి నోరు రాలేదు.

ఆదివారం వాళ్ల సభ జరిగింది. ఫోటో పంపింది. హాలు నిండింది, అందరూ ఒకే రంగు టీషర్టుల్లో నవ్వుతున్నారు, ముందు వరసలో నా మనవరాలు చెయ్యెత్తి నినాదం ఇస్తోంది. వాళ్ల వీపుల మీద ఏం రాసి ఉందో ఫోటోలో కనబడలేదు. నేను అడగనూ లేదు.

ఇప్పటికీ పొద్దున ఎసరు పెట్టేటప్పుడు నా చెయ్యి తనంతట తానే రెండు పిడికెళ్లు తీసి పక్కన పెడుతుంది. మొదటిది ఆదివారం గుడికి పోతుంది. రెండోదాన్ని కాసేపు అలా గిన్నెలో ఉండనిచ్చి, ఎవరూ చూడకుండా మళ్లీ బియ్యం డబ్బాలోనే పోసేస్తాను.