సిస్టరమ్మ మాట

డిగ్రీ రెండో సంవత్సరంలో నేను హార్మోనియం నేర్చుకోవడానికి వెళ్ళింది సరదాకే. మా ఊరు డుంబ్రిగుడ దగ్గర. అరకులో హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. శనివారం సాయంత్రాలు ఏమీ తోచక, చర్చి వెనక వీధిలో ఉండే రిటైర్డ్ నర్సు దగ్గరికి వెళ్ళేదాన్ని. విజయనగరం వైపు మనిషి. ఉద్యోగమంతా ఏజెన్సీలోనే చేసి ఇక్కడే ఉండిపోయింది. అందరూ సిస్టరమ్మ అనేవారు.

సరళీ వరసలు చెప్పేది. నేను తప్పు మెట్టు నొక్కి నవ్వేసేదాన్ని.

"సరదాకి నేర్సుకో గుంటా, వద్దన్నానేటి? తప్పు వాయించీసి నవ్వకు. సూది తప్పుసోట గుచ్చీసి నేను నవ్వితే రోగికి ఎలాగుంటాది?" అనేది.

ఆ వానాకాలం ఆవిడకి పక్షవాతం వచ్చింది. విశాఖ ఆసుపత్రిలో మూడు వారాలుంచి తీసుకొచ్చారు. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమయ్యేది. తను చెప్పబోతే మాత్రం "లేదు, లేదు" అనే వచ్చేది. తను అనాలనుకున్నది అది కాదని తెలిసి ఏడ్చేది. చూసుకోవడానికి మేనకోడలు వచ్చింది.

చూడ్డానికి వెళ్ళిన నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. హార్మోనియం ముందుకు లాక్కుని మొదటి వరస వాయించాను. కంగారులో గాంధారం తప్పింది. ఆవిడ ఎడమచేత్తో నా వేళ్ళ మీద ఒక్కటి కొట్టి, "స రి గ మ" అని పాడింది. నాలుగు స్వరాలూ స్పష్టంగా.

వంటింట్లోంచి మేనకోడలు పరుగెత్తుకొచ్చింది. "అత్తేనేటి? ఇప్పుడు పాడింది అత్తేనేటి?"

మేనకోడలు అడిగితే, మాట పోయినా కొందరికి పాట మిగులుతుందని, దాని సాయంతోనే మాట తెప్పించమని విశాఖ డాక్టరు చెప్పాడు. ఇక రోజూ వెళ్ళాను. 'నీళ్ళు కావాలి' అన్న మాటని రెండు స్వరాల మీద పెట్టి పాడేదాన్ని, ఆవిడ నాతో కలిసి పాడేది. ఇరవైసార్లు, ముప్ఫైసార్లు. ఒకరోజు విసుగొచ్చి, "ఎన్నిసార్లు చెప్పాలి మీకు!" అన్నాను. ఆవిడ తల దించుకుంది. నాకు పాఠం చెప్పినన్నాళ్ళూ ఆ మాట ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. హాస్టలుకి నడుస్తుంటే అది గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. క్షమించమని అడగడం చేతకాక మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాను. ఆవిడ గొంతు కలిపింది.

కాఫీ పళ్ళు కోసే రోజులకి, రాగం లేకుండానే నీళ్ళడిగింది. మేనకోడల్ని పేరు పెట్టి పిలిచింది. నేను బయల్దేరుతుంటే, మళ్ళీ త్వరగా రమ్మని "బేగి రా" అంది ఒకసారి. ఆ రోజు నేలమీద నడిచినట్టు లేదు నాకు.

మరుసటి ఏడు చివరి పరీక్షలకి రెండు వారాలు వెళ్ళలేకపోయాను. అప్పుడే రెండోసారి వచ్చింది పక్షవాతం. కబురు హాస్టలుకి వచ్చేటప్పటికి నేను పరీక్ష హాల్లో ఉన్నాను. వెళ్ళేసరికి సమాధి చేసేశారు.

"మొన్న నిన్ను అడిగింది. పరీచ్చలని సెప్పినాను. 'సదువుకోనీ' అంది," అంది మేనకోడలు.

"పాడుతూ అందా?"

"లేదు. మామూలుగానే."

లోపలికి పిలిచి అన్నం పెట్టింది. ఇద్దరం కలిసి తిన్నాం.